పాత సైకిలుకు డైనమో హబ్: పని చక్రంలో, వెలుగు దీపంలో

పాత 28 అంగుళాల సైకిళ్ళలో చాలావాటికి హ్యాండిలు కింద ఒక చిన్న ఇనుప పట్టీ నిటారుగా నిలబడి ఉంటుంది. ఇప్పుడు దానికి కూరగాయల సంచి తగిలిస్తారు, ఆయుధ పూజ రోజున పూలదండ వేస్తారు. అసలు అది దీపం కోసం పెట్టిన పట్టీ. మొదట్లో కిరసనాయిలు దీపం, తర్వాత డైనమో లైటు దాని మీదే కూర్చున్నాయి. లైటు లేకుండా రాత్రిపూట తొక్కితే పోలీసులు ఆపే రోజులవి. చీకట్లో ఊరంతా తొక్కుకుంటూ వచ్చి, సరిగ్గా స్టేషను మలుపు దగ్గర దిగి బుద్ధిగా నడిపించుకుంటూ పోవడం ఆ తరానికి బాగా తెలిసిన విద్య.

ఆ సైకిళ్ళను బాగుచేయించి రోజూ పనికి తొక్కేవాళ్ళు ఇప్పుడు మళ్ళీ కనిపిస్తున్నారు. రంగు, బెల్లు, తోలు సీటు కుదిరాక మిగిలేది లైటు సంగతి. హ్యాండిలుకు ఒక చైనా ఛార్జింగ్ లైటు తగిలిస్తే పని అయిపోతుంది, కాదనలేం. కానీ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయిన రాత్రే దానితో అవసరం పడుతుంది. పైగా ఆ సైకిలు మీద అది అతికినట్టు ఉండదు. అందుకే కొందరి చూపు డైనమో హబ్ మీద పడుతుంది. ముందు చక్రం మధ్యలో హబ్‌లోనే కరెంటు పుట్టే ఏర్పాటు ఇది.

డైనమో అనగానే ఇదంతా కరెంటు పని అనుకుంటారు. వైర్లు కలపడం ఒక సాయంత్రం పని, అంతే. అసలు కష్టం ఫోర్కులో, యాక్సిల్‌లో, స్పోక్స్‌లో ఉంది. రోడ్డు మీద పడే వెలుగు మాత్రం హబ్ ఖరీదు కంటే దీపం నాణ్యత మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ రెండూ తెలియక ఖరీదైన హబ్ కొని, పాత బల్బు లైటుకే కలిపి నిరాశపడేవాళ్ళున్నారు. ఇంకొందరు హబ్ పట్టడం లేదని మంచి ఫోర్కును ఆకురాయితో పాడుచేసుకుంటారు.

మన దగ్గర అందరికీ తెలిసిన డైనమో టైరుకు ఆనించేది. సీసా ఆకారంలో ఉండి, తల మీద చిన్న చక్రంతో టైరు పక్కగోడను రాసుకుంటూ తిరుగుతుంది. నొక్కగానే సైకిలు బరువెక్కుతుంది, గుర్రుమని శబ్దం మొదలవుతుంది. వాన పడితే టైరు మీద జారి, లైటు ఎప్పుడు వెలుగుతుందో ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. టైరు కూడా ఒక గీత వెంబడి అరుగుతుంది. హబ్ డైనమోలో ఈ రాపిడి లేదు. యాక్సిల్ మీద రాగి చుట్ట కదలకుండా ఉంటుంది, దాని చుట్టూ హబ్ గోడకు అతికిన అయస్కాంతాలు చక్రంతో పాటు తిరుగుతాయి. ఒకదాన్నొకటి ముట్టుకోవు కాబట్టి వానకూ బురదకూ సంబంధం లేదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ర్యాలీ సైకిళ్ళ కంపెనీకి అనుబంధంగా ఉన్న స్టర్మీ ఆర్చర్, 1930ల రెండో సగంలోనే డైనోహబ్ పేరుతో దీన్ని అమ్మింది. మొదట 12 వోల్టులది వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరపడి, 1980ల దాకా తయారైనది జీహెచ్6 అనే 6 వోల్టుల, 2 వాట్ల మోడల్. చూడటానికి వెడల్పాటి డబ్బాలా ఉంటుంది. తుడిచి చూస్తే హబ్ గోడ మీద తయారైన సంవత్సరం అంకెల్లో కొట్టి ఉంటుంది. కాగితాలు లేని పాత సైకిలు వయసు తేల్చడానికి చాలామంది చూసేది ఆ అంకెనే, ఈలోగా ఎవరైనా చక్రం మార్చి ఉండకపోతే. సైకిలు ఆగితే లైటు ఆరిపోతుంది కదా, దానికీ అప్పట్లోనే ఒక మందు కనిపెట్టారు. సీటు కింది గొట్టానికి ఒక పొడవాటి డబ్బా బిగించి అందులో టార్చిలైటు బ్యాటరీలు పెట్టేవారు. సిగ్నల్ దగ్గర ఆగగానే దీపం వాటి మీదికి మారేది.

డైనోహబ్ ఆగిపోయాక ఈ వస్తువును మళ్ళీ గొప్పగా నిలబెట్టినది జర్మనీ. 1990లలో ట్యూబింగెన్ ఊళ్ళో విల్‌ఫ్రీడ్ ష్మిట్ తయారుచేసిన సోన్ హబ్ దూరప్రయాణాలవాళ్ళకు ఇష్టమైనదైంది. ఆ తర్వాత జపాను కంపెనీ షిమానో తక్కువ ధరలో రకరకాల హబ్‌లు తెచ్చింది. స్టర్మీ ఆర్చర్ పేరును 2000లో తైవాన్‌కు చెందిన సన్‌రేస్ కొనుక్కుంది, ఆ పేరుతో ఇప్పుడూ డైనమో హబ్‌లు వస్తున్నాయి. వీటిలో ఎక్కువ భాగం 6 వోల్టులు, 3 వాట్ల లెక్కకు చేసినవి. జర్మనీ రోడ్డు నిబంధనల్లో చాలాకాలం నడిచిన లెక్క అదే, ముందు దీపానికి 2.4 వాట్లు, వెనక దీపానికి 0.6.

ఈ 6 వోల్టులు అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంట్లో ప్లగ్గు అయితే వోల్టేజి ఎప్పుడూ ఒకటే ఇస్తుంది, తగిలించిన వస్తువును బట్టి కరెంటు మారుతుంది. హబ్ డైనమో దాదాపు దానికి తలకిందులు. చక్రం వేగం పెరిగేకొద్దీ పుట్టే వోల్టేజి పెరుగుతుంది. అదే సమయంలో అటూఇటూ మారే కరెంటుకు రాగి చుట్ట పెట్టే అడ్డు కూడా అంతే లెక్కలో పెరుగుతుంది. రెండూ కలిసి పెరగడంతో, ఒక మోస్తరు వేగం దాటాక కరెంటు అర ఆంపియరు దగ్గర నిలిచిపోతుంది. ఆ అర ఆంపియరు 12 ఓమ్‌ల దీపంలోంచి పోతే 6 వోల్టులు, 3 వాట్లు. అంటే 6 వోల్టులు హబ్ గుణం కాదు, హబ్బూ దీపమూ కలిస్తే వచ్చే ఫలితం.

దీన్నుంచి రెండు ముచ్చట్లు తెలుస్తాయి. పాత బల్బుల సైకిలు మీద ముందు బల్బు కాలిపోతే కాసేపటికే వెనక బల్బు కూడా ఎందుకు పోయేదో ఇప్పుడు అర్థమవుతుంది. ముందు దీపం తాగాల్సిన కరెంటంతా పాపం ఆ చిన్న బల్బు మీద పడేది. రెండోది, వైర్లు ఎక్కడైనా ఒకదానికొకటి తగిలి షార్ట్ అయినా హబ్ కాలిపోదు. లైటు రాదు, చక్రం కొద్దిగా బరువుగా తిరుగుతుంది, అంతే. కరెంటు పని తెలియనివాళ్ళు టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త, దీపం తగిలించకుండా వేగంగా పోతుంటే హబ్ కొసల దగ్గర వోల్టేజి పదుల్లోకి ఎగబాకుతుంది. అప్పుడు వేళ్ళతో ముడితే చిన్నగా జిల్లుమంటుంది.

ఇంకో లెక్క పెద్ద చక్రాలకు సంబంధించినది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.23 మీటర్లు పోతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఒకటింపావు చుట్లు. పాత డైనోహబ్‌లో 20 అయస్కాంత ధ్రువాలు ఉంటాయి కాబట్టి ఒక చుట్టుకు కరెంటు అటూఇటూ మారే ఆవర్తనాలు 10, సెకనుకు సుమారు 12. బల్బు ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు మినుకుమంటుంది, అంటే సెకనుకు పాతిక సార్లు. కంటికి అది తెలుస్తుంది. సందులో మెల్లగా పోతుంటే గోడ మీద వెలుగు వణకడం దానివల్లే. కొత్త హబ్‌లలో ధ్రువాలు 26, 28 ఉంటాయి కాబట్టి వణుకు తగ్గుతుంది. ఎల్‌ఈడీ దీపం వస్తే ఇది దాదాపు పోతుంది. ఆ దీపం లోపలే కరెంటును ఒకే దిక్కుకు మళ్ళించే ఏర్పాటు, కాస్త కరెంటును దాచుకునే కెపాసిటర్ ఉంటాయి. చాలా దీపాల్లో సైకిలు ఆగాక కొన్ని నిమిషాల పాటు చిన్న వెలుగు నిలిచి ఉండేదీ ఈ నిల్వతోనే. సీటు కింద బ్యాటరీల డబ్బా మోసిన పని ఇప్పుడు గోరంత వస్తువు చేస్తోంది.

ఇక పాతదా కొత్తదా అన్నది తేల్చుకోవాలి. పాత జీహెచ్6 దొరికితే దానికో పెద్ద సుగుణం ఉంది, అది ఆ ఫోర్కుల కోసమే పుట్టింది. పాత ఇంగ్లీషు సైకిళ్ళ ముందు ఫోర్కు లోపలి వెడల్పు 90 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, యాక్సిల్ 5/16 అంగుళాలది, అంటే 8 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుకవాసి తక్కువ. ఆ నమూనాలోనే మన దేశంలో తయారైన రోడ్‌స్టర్లదీ, అంటే ఈ 28 అంగుళాల సైకిళ్ళదీ, ఇదే ధోరణి. జీహెచ్6 ఇందులోకి ఏ కోతా గీతా లేకుండా దిగుతుంది. దాని 2 వాట్లు పాత బల్బుకైతే బొటాబొటీ. అదే కరెంటు ఇప్పటి ఎల్‌ఈడీకి బాగానే సరిపోతుంది.

కానీ పాతది కొనేవాళ్ళు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. శుభ్రం చేద్దామని లోపలి రాగి చుట్టను అయస్కాంతపు వలయంలోంచి ఊరికే లాగేస్తే ఆ పాత అయస్కాంతం బలం పోతుంది. తీయక తప్పకపోతే చుట్ట బయటికి వస్తుండగానే దాని స్థానంలోకి సరిపోయే ఇనుప వలయం లోపలికి వెళ్ళాలి. షాపులో తెలిసో తెలియకో ఎవరైనా ఒకసారి విప్పి మళ్ళీ బిగించిన హబ్, పైకి మెరుస్తూ ఉండి కూడా సగం వెలుగే ఇవ్వవచ్చు. అందుకే కొనేముందు మల్టీమీటరును ఏసీలో, అంటే అటూఇటూ మారే కరెంటు కొలిచే చోట పెట్టి, ఒక 6 వోల్టుల బల్బు కలిపి, చక్రం తిప్పి చూడటం మంచిది. మాటలు నమ్మి కొనే వస్తువు కాదు ఇది.

కొత్త హబ్ అయితే కొలతల గొడవ మొదలవుతుంది. దాని వెడల్పు 100 మిల్లీమీటర్లు, యాక్సిల్ లావు సాధారణంగా 9. ఫోర్కును దాదాపు 10 మిల్లీమీటర్లు, ఒక్కో కాలు 5 చొప్పున తెరవాలి. ఉక్కు ఫోర్కు కాబట్టి ఇది సాధ్యమే. ఒక పొడవాటి మరలున్న కడ్డీ, రెండు నట్లు, రెండు వాషర్లు చాలు. కడ్డీని ఫోర్కు కొసల మధ్య పెట్టి నట్లను బయటికి తిప్పుతూ పోతే కాళ్ళు విడిపోతాయి. అయితే ఉక్కు మొండిది. 100 దాకా తెరిచి వదిలితే మళ్ళీ పాత చోటుకే వచ్చి నిలబడుతుంది. కొద్దికొద్దిగా ఎక్కువ తెరుస్తూ, వదిలి కొలుస్తూ పోవాలి. రెండు కాళ్ళూ ఒకేలా లొంగవన్నది అసలు చిక్కు. ఒక కాలు 7 జరిగి ఇంకోటి 3 జరిగితే మొత్తం 10 సరిపోయినట్టే కనిపిస్తుంది, చక్రం మాత్రం ఒక పక్కకు కూర్చుంటుంది, వదిలిన హ్యాండిలు ఒక వైపు లాగుతుంది. ఫోర్కు పైనున్న గొట్టం నడిమధ్య నుంచి కొసల దాకా దారం పట్టి రెండు వైపులా విడివిడిగా కొలవాలి. చేతి అలవాటు లేనివాళ్ళు ఈ ఒక్క పని పాతకాలపు సైకిలు మేస్త్రీకి వదిలేయడం తెలివి. చక్రం పెట్టేటప్పుడు చేత్తో లాగి తెరిచి ఇరికించేస్తే చాలదా అంటే, కొసలు వంకరగా ఉండి యాక్సిల్ మీద బరువు సమంగా పడదు. డైనమో యాక్సిల్‌కు అది మంచిది కాదు.

యాక్సిల్ లావు సంగతి ఇంకొంచెం సున్నితం. మామూలు హబ్ అయితే యాక్సిల్‌నే రెండు పక్కలా కొద్దిగా అరగదీస్తారు, పోతే చవక వస్తువే. డైనమో యాక్సిల్ లోంచి వైరు పోతుంది, దాన్ని ఆకురాయితో ముట్టుకోవడం సాహసం. అందుకని ఫోర్కు గాడినే ఒక్కో పక్క అర మిల్లీమీటరు చొప్పున వెడల్పు చేయాలి. ఆకురాయి పక్కలకే పెట్టాలి, పైకి పెట్టకూడదు. ఒక పక్క గాడి పైకి లోతైతే చక్రం ఒరుగుతుంది, రాడ్ బ్రేకు కట్టలు రిమ్ముకు ఒక వైపే తగులుతాయి. సైకిలు నిజంగా అరుదైనదైతే ఈ ఆకురాయి పని మానుకుని పాత డైనోహబ్ కోసం వెతకడమే మేలు. తీసిన ఉక్కు తిరిగి రాదు.

చక్రం కట్టేటప్పుడు రిమ్ము మార్చాలన్న ఆశ పుడుతుంది. పాత రోడ్‌స్టరు రిమ్ము 635 మిల్లీమీటర్ల కొలత, ఇప్పటి సైకిళ్ళది 622. వ్యాసార్ధంలో 6.5 మిల్లీమీటర్లు తేడా. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, రాడ్ బ్రేకు పక్కల నుంచి నొక్కదు, హబ్ వైపు నుంచి రిమ్ము లోపలి ముఖాన్ని నొక్కుతుంది. అందుకు తగిన వంపు పాత రకం ఉక్కు రిమ్ముకే ఉంటుంది. కాబట్టి పాత రిమ్మే ఉంచాలి. ఇక్కడ అదృష్టం కలిసొస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో ముందు చక్రానికి 32 స్పోక్స్, వెనక చక్రానికి 40. మన రోడ్‌స్టర్లదీ అదే లెక్క. 32 రంధ్రాల డైనమో హబ్‌లు మామూలుగా దొరుకుతాయి. పాత స్పోక్స్ మాత్రం పనికిరావు. డైనమో హబ్ అంచు పెద్దది, స్పోక్స్ పొట్టివి కావాలి. హబ్ చేతికొచ్చాక కొలిచి, ఆ తర్వాతే స్పోక్స్ కొనాలి. ఊహించి కొన్నవి కట్ట కట్టి అటక మీద పెట్టుకోవాల్సిందే.

డైనమోతో పాటు లోపల డ్రమ్ము బ్రేకు కూడా ఉన్న హబ్‌లు స్టర్మీ ఆర్చర్ పేరుతో దొరుకుతాయి. వానలో నికెల్ మెరుగు రిమ్ము మీద రాడ్ బ్రేకు ఎంత పని చేస్తుందో తొక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, బ్రేకు నొక్కి దండం పెట్టుకోవడమే. ఆ లెక్కన డ్రమ్ము మంచి ఆలోచన. కానీ దానికి కేబులు లివరు కావాలి, బ్రేకు పడ్డప్పుడు ఫోర్కు ఒక కాలు మీద మెలి పడుతుంది, రాడ్లు తీసేస్తే సైకిలు ముఖమే మారిపోతుంది. రోజూ వర్షంలో తొక్కేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు.

హబ్ చేతికొచ్చిన రోజు అందరూ ఒకే పని చేస్తారు, యాక్సిల్ పట్టుకుని వేళ్ళతో తిప్పుతారు. గతుకు గతుకుగా, లోపల ఎవరో ఆపుతున్నట్టు తగులుతుంది. చెడిపోయిన వస్తువు పంపారని కంగారు పడతారు. అది అయస్కాంతం ఇనుమును లాగడం. ఒక గతుకు ఎక్కడానికి పట్టిన బలం దిగేటప్పుడు చాలావరకు తిరిగొస్తుంది. చక్రం బరువుతో తిరిగేటప్పుడు అది తెలియను కూడా తెలియదు. మంచి హబ్ దీపం ఆర్పి ఉన్నప్పుడు ఒకటి రెండు వాట్లకు మించి తినదు, వెలిగించినప్పుడు ఐదారు వాట్లు. తీరుబడిగా తొక్కే మనిషి కాళ్ళు ఇచ్చేది 75 వాట్ల పైచిలుకు. గాలి తగ్గిన టైరు దీనికంటే ఎక్కువ కాజేస్తుంది.

వైర్ల పనిలో చూడాల్సింది ఒక్కటే, ఫ్రేమును రెండో వైరుగా వాడకూడదు. పాత సీసా డైనమోకు ఒకే వైరు ఉండేది, తిరుగు కరెంటు ఫ్రేములోంచి పోయేది. పెయింటు, తుప్పు, హెడ్డులో గ్రీజు దాటి కరెంటు పోవాలి, లైటు మిణుకుమిణుకుమనడానికి సగం కారణం అదే. రెండు పోగుల వైరు వేస్తే ఈ గొడవ ఉండదు. అయితే కొన్ని హబ్‌లలో ఒక కొస యాక్సిల్‌కు కలిసి ఉంటుంది, కొన్ని దీపాల్లో ఒక కొస బిగించే బోల్టుకు కలిసి ఉంటుంది. రెండూ ఎదురెదురైతే ఫ్రేములోంచి షార్ట్ అయి దీపం వెలగదు. వైర్లు అటుదిటు మార్చితే సరిపోతుంది. షిమానో హబ్ అయితే వైరు తగిలే వైపు తొక్కేవాళ్ళ కుడి చేతికి రావాలి. ఆ వైపు నట్టు బిగించేటప్పుడు యాక్సిల్ తిరగకూడదు, తిరిగితే లోపలి వైరు తెగుతుంది, దానికి రిపేరు దాదాపు లేనట్టే. వైరును కుడి ఫోర్కు కాలు వెనక నుంచి పైకి తెచ్చి, హెడ్డు దగ్గర హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిరిగేంత వదులు ఉంచాలి. రాడ్ బ్రేకు కడ్డీలు పైకీ కిందికీ ఆడేది కూడా అక్కడే, వాటి దారిలో వైరు పడితే వారం రోజుల్లో తొక్క లేచిపోతుంది. తెల్ల ప్లాస్టిక్ టైల కంటే నల్ల నూలుదారం చుట్టి కట్టినది ఈ సైకిలుకు నప్పుతుంది, గట్టిగానూ ఉంటుంది.

చివరికి దీపం. డబ్బు మిగిలితే ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. జర్మనీ నిబంధన ప్రకారం ముందు దీపం 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) వెలుగు వేయాలి. మంచి హాలోజెన్ దీపం దాన్ని దాటి 20 దగ్గరికి వచ్చేది. అదే 3 వాట్లతో ఇప్పటి మంచి ఎల్‌ఈడీ దీపాలు 40, అంతకు మించి ఇస్తాయి. జర్మనీ కంపెనీ బుష్ ఉండ్ ముల్లర్ ఐక్యూ ఎక్స్ దీపం 100 లక్స్ ఇస్తుంది. హబ్ మారలేదు, దీపం మారింది. ఈ దీపాల్లో వెలుగు పైకి పోకుండా ఒక గీత గీసినట్టు ఆగుతుంది, మోటారు సైకిలు లో బీమ్ లాగా. ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళలో కొట్టదు, వెలుగంతా రోడ్డుకే పోతుంది. రంగు వేయని స్పీడు బ్రేకరు, మూత లేని మ్యాన్‌హోలు ఉన్న వీధుల్లో ఇదే కావలసింది.

పాత డబ్బా దీపం అందం వదులుకోలేనివాళ్ళు దాని లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవచ్చు. ఏసీకి, 6 వోల్టులకు పనిచేసే రకమో కాదో చూసుకోవాలి. పాత అద్దం సన్నని తీగ వెలుగు కోసం వంచినది కాబట్టి ఎల్‌ఈడీ వెలుగు దానిలోంచి మచ్చలు మచ్చలుగా పడుతుంది. మనం కనపడటానికి అది చాలు, మనకు గుంత కనపడటానికి చాలదు. రెండూ కావాలంటే డబ్బా దీపాన్ని పాత పట్టీ మీద అలంకారంగా ఉంచి, కొత్త దీపాన్ని కింద మడ్‌గార్డు దగ్గర పెట్టేవాళ్ళున్నారు. కింద పెట్టిన దీపంలో గుంతల నీడలు పొడుగ్గా సాగి త్వరగా తెలుస్తాయి, కానీ చక్రం నీడ రోడ్డు మీద పడకుండా కాస్త పక్కకు, ముందుకు జరపాలి.

అన్నీ బిగించాక సైకిలును స్టాండు మీద పెట్టి ముందు చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పితే దీపం వెలగాలి. ఆ తర్వాత మొదటి వారంలో రెండు మూడు సార్లు చక్రం నట్లు, స్పోక్స్ బిగువు చూసుకోవాలి. కొత్తగా కట్టిన చక్రం ఆ వారంలోనే సర్దుకుంటుంది.